మూడు పేర్ల కాటమయ్య

కాటమయ్యకు బ్యాంకులో పర్మినెంటు ఆర్డరు వచ్చిందని బోరింగు దగ్గర ఇక్బాల్ బీ చెప్పిందట. ఇక్బాల్ బీ ఇల్లూ లాడ్లీ బేగం ఇల్లూ గోడకు గోడ. లాడ్లీ బేగం ఇంటి ముందు సగం బ్యాంకు కిరాయికి తీసుకున్నది. అందుకని ఆ మాటకు ఊళ్లో విలువ ఉంది. మా అమ్మ బిందె నింపుకుని ఇంటికొచ్చేసరికి అది ఇట్లా తయారైంది: "పెద్ద టీవీల అసొంటియి రెండు దింపిండ్రంట. అవి ఎండకు ఓర్వయంట. లాడ్లీ బేగం బిడ్డ పెండ్లిల మొగపెండ్లోళ్లు దిగిన అర్ర లేదా, దానికి అద్దాల తలుపు వెట్టి గోడకు సల్లటి మిషిని బిగిస్తుండ్రంట. దాంట్లకు చెప్పులిడిసి పోవాల్నంట. గా టీవీలు తుడువనీకి, తలుపు తియ్యనీకి ఒక మనిషి గావాలె గదా! గా మనిషి మన కాటమయ్యనేనంట. ఆర్డరు గూడ వచ్చిందంట. శ్యామలమ్మ పైకి చెప్తలేదు గని లోపట్నే మురుస్తుందంట."

ఇందులో చల్లటి మిషను నిజం, చెప్పులు నిజం. ఆర్డరు అబద్ధం. శ్యామలమ్మ మురుస్తున్నదన్నది ఇంకా పెద్ద అబద్ధం. ఆమెకు ఆ మాట చేరేసరికే పొద్దుగూకింది. చేరగానే మొగుడిని నిలదీసింది.

"ఆర్డరొచ్చిందంట గదనయ్యా. ఊరందరికి తెలిసినంక ఇంట్ల చెప్తవా?"

"రాలే."

"మరి రాలేదని నలుగురిల చెప్పరాదు?"

కాటమయ్య కాళ్ల మీద నీళ్లు పోసుకున్నాడు. "అననియ్యి. వాళ్లు అంటుంటె జర మంచిగున్నది," అన్నాడు.

ఇది తొంభై ఏడు జనవరి మాట. ఆ ఒక్క మాట వినడానికి అతను అప్పటికి పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

మా ఊళ్లో బ్యాంకు పెట్టింది ఎనభై అయిదులో. నకిరేకల్‌కూ నార్కట్‌పల్లికీ నడుమ, రోడ్డు మీద ఉన్న ఊరు కాబట్టి మాకు ఆ అదృష్టం పట్టింది. లారీలో వచ్చిన ఇనుప బీరువాను దింపడానికి ఎనిమిది మందిని పిలిచారు. దించగానే ఏడుగురు కూలి తీసుకుని వెళ్లిపోయారు. కాటమయ్య వెళ్లలేదు. ఇంకా ఎత్తాల్సినవి ఏమైనా ఉన్నాయేమోనని నిలబడ్డాడు. ఉన్నాయి. లెడ్జర్లు. ఒక్కొక్కటి చంటిపిల్ల బరువు. పొద్దున తొమ్మిదిన్నరకు వాటిని లోపలి అర్రలో నుంచి తెచ్చి క్లర్కుల బల్లల మీద పెట్టాలి, సాయంత్రం మళ్లీ తీసుకుపోయి సర్దాలి. ఆనాటి నుంచి ఆ పని కాటమయ్యది.

అది ఉత్త మోత పనిగా ఉండిపోలేదు. ఆరో తరగతి నడుమనే బడి మానేసినా అతనికి అక్షరం మీద ఆశ చావలేదు. మోస్తూ మోస్తూనే ఇంగ్లీషులో రాసిన పేర్లు చదవడం పట్టుకున్నాడు. రెండేళ్లు తిరిగేసరికి మనిషి బ్యాంకు మెట్లెక్కుతుంటేనే ఆ మనిషి పేజీ ఎక్కడుందో అతనికి తెలిసిపోయేది. గుర్వయ్య టోకెను తీసుకుని బెంచీ మీద కూర్చునేలోపల గుర్వయ్య పేజీ తెరిచి క్లర్కు ముందర ఉండేది. మా ఊరి బ్యాంకులో ఖాతా ఉన్న లాల్ బీలు ముగ్గురు. బస్టాండు దగ్గర గాజులమ్మే లాల్ బీ ఒకామె. నందికొండ డ్యాము గేట్ల మీద పనిచేసే ఇమాం భార్య ఒకామె; ఆయన అక్కడ క్వార్టర్లో, ఆమె ఇక్కడ అత్త దగ్గర. మూడో ఆమె మొగుడి పేరు కూడా ఇమామే. అతను బట్టలు కుట్టే ఇమాం. ముగ్గురివీ వేలిముద్రలే. ముగ్గురూ కొంగు ముఖం మీదికి లాక్కుని వచ్చేవారే. క్లర్కు తికమకపడితే కాటమయ్య లోపలి అర్రలో నుంచే కేకేసేవాడు.

"గామె డ్యాము లాల్ బీ సార్. మూడో లెడ్జరు."

కొంగు కప్పుకున్న మనిషిని ఎట్లా పోల్చావని అడిగితే, "నడకను వట్టి," అనేవాడు.

అప్పట్లో పర్మినెంటు జవాను చోటే మియా. నల్లగొండ నుంచి బదిలీ మీద వచ్చినవాడు. తెల్లచొక్కా, జేబు మీద బ్యాంకు గుర్తు కుట్టి ఉండేది. మేనేజరు గది తలుపు పక్కన, గోడ గడియారం కింద, అతనికొక టేకు స్టూలు. బెల్లు మోగితే లేస్తాడు, మోగకపోతే కూర్చుంటాడు. తొంభై ఒకటిలో రిటైరైన రోజు, మెడలో దండ తీయకముందే చోటే మియా కాటమయ్యను పిలిచాడు.

"ఆవ్ బేటా, కూసో. ఇగ గిది నీ జాగ."

"ఇప్పుడొద్దు చాచా. ఆర్డరు వట్టుకొనే కూసుంట."

"అరె పాగల్, స్టూలు ఆర్డరు అడుగుతదా?"

"నేనడుగుత చాచా."

చోటే మియా తర్వాత ఇంకో జవాను రాలేదు. ఆరేళ్లు ఆ స్టూలు ఖాళీగా ఉంది. కాటమయ్య దాన్ని రోజూ తుడిచేవాడు. ఒక కాలు కొంచెం ఊగుతుంటే వడ్లాయనతో మేకు కొట్టించాడు. కూర్చోవాలంటే మాత్రం లెడ్జర్ల అర్ర గడప మీద కూర్చునేవాడు.

ఆర్డరు ఎందుకు రాలేదో తెలియాలంటే అతని పేర్ల సంగతి చెప్పాలి.

బ్యాంకుకు ఒక కట్టుబాటు ఉండేది. రోజుకూలి మీద పెట్టుకున్న మనిషిని ఏడాదిలో ఎనభై రోజులకు మించి ఉంచకూడదు. ఉంచితే రేపు నౌకరి నాదేనంటూ కోర్టుకు పోతాడని పై ఆఫీసు భయం. మొదటి మేనేజరు రామచంద్రం వరంగల్ దిక్కు మనిషి, మంచివాడు. ఎనభై రోజులు నిండిన నాడు కాటమయ్యను గదిలోకి పిలిచాడు.

"నీ దినాలు అయిపోయినయి కాటమయ్యా. రేపటి సంది రాకు."

కాటమయ్య కదల్లేదు.

"నాకేమన్న ఇష్టమా చెప్పు. నీ పేరు మీద ఇంక వోచరు రాయరాదు." రామచంద్రం పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశాడు. "మీ ఇంట్ల ఇంకెవరున్నరు?"

"తమ్ముడున్నడు సార్, మైసయ్య. భీవండిల మగ్గం మీద ఉంటడు."

"ఇంకా?"

"మా బాపు మారయ్య. మంచం వట్టిండు."

"ఇద్దరు చాలు," అన్నాడు రామచంద్రం.

అట్లా మొదలైంది. ఎనభై రోజులు కాటమయ్య, ఎనభై రోజులు మైసయ్య, ఎనభై రోజులు మారయ్య. పని చేసేది ఒక్కడే. మూడు పేర్లకు మూడు సంతకాలు నేర్చుకున్నాడు. తన సంతకం నిటారుగా, తమ్ముడిది ఒక పక్కకు ఒరిగి, తండ్రిది వణుకుతూ ఉండేవి. ఇంత చేసినా బ్యాంకు తెరిచే రోజులు ఏడాదిలో ఇంకా కొన్ని మిగిలేవి. ఆ రోజులు ఏ పేరూ లేకుండా పని చేసేవాడు.

ఎనభై ఎనిమిదిలో మారయ్య పోయాడు. వోచర్ల మీద ఇంకో రెండు నెలలు బతికాడు. "మామ పాణమున్ననాడు మంచం దిగలే. సచ్చినంక దినాం బ్యాంకుకు పోవట్టె," అని శ్యామలమ్మ కండ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

ఆ మరుసటి ఏడు పై ఆఫీసు నుంచి ఒక కాగితం దిగింది. రోజుకూలి మీద చేసినవాళ్ల పేర్లన్నీ ఒక లిస్టు రాస్తారు. ఎక్కడ జవాను పోస్టు ఖాళీ అయినా ఆ లిస్టులో నుంచి వరసగా పిలుస్తారు. కాకపోతే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఆ ఇంట్లో ఎనిమిది పాసైంది మైసయ్య ఒక్కడే. అతని సర్టిఫికెట్టు దూలానికి వేలాడే సంచిలో, పాత పట్టా కాగితాలతో పాటు ఉంది.

"నువ్వు మైసయ్యవై పో," అన్నాడు రామచంద్రం. "వోచర్లల్ల ఆ పేరున్నది. చేసింది నువ్వు. నల్లగొండల నీ మొఖం ఎరిగినోడు ఎవడున్నడు?"

నల్లగొండలో ఇంటర్వ్యూ నాడు గది బయట బంట్రోతు "మైసయ్యా!" అని మూడుసార్లు అరిచాడు. కాటమయ్య ఈ మైసయ్య ఎవడా అని తలతిప్పి చూశాడు. నాలుగోసారి పిలిచాక గుర్తొచ్చి ఉరికాడు. లోపల ముగ్గురు ఆఫీసర్లు. అడిగింది ఒక్కటే, సైకిల్ తొక్కడం వచ్చా అని. వచ్చన్నాడు. నెల తర్వాత లిస్టు వచ్చింది. అరవై మూడో నంబరు: మైసయ్య, తండ్రి మారయ్య.

ఇక ఆ నంబరు అతనికి దేవుడి పటం లాంటిదైపోయింది. రామచంద్రం నల్లగొండకు బదిలీ అయ్యాక ఏటా ఏప్రిల్‌లో ఒకరోజు బస్సెక్కి పోయి అడిగి వచ్చేవాడు. మొదటి ఏడు లిస్టు పదిహేడు దాకా వచ్చింది. తర్వాత ముప్పై. తర్వాత నలభై ఒకటి. ఊళ్లోకి వస్తూనే ఎదురుపడ్డ వాళ్లకల్లా చెప్పేవాడు: "లిస్టు నడుస్తాంది." వానలెట్లున్నయని అడిగినవాళ్లకు కూడా అదే జవాబు.

తొంభై మూడులో బిడ్డ అండాలును హైస్కూల్లో వేసేటప్పుడు అతనికొక దూరాలోచన వచ్చింది.

"నౌకరి మైసయ్య పేరు మీద వస్తది గదా. పిల్లల సదువుకు, దవాఖానకు బ్యాంకోళ్లు ఇచ్చేదంత మైసయ్య పిల్లలకే. బడి కాగితంల తండ్రి పేరు మైసయ్య అని రాపిద్దాం."

శ్యామలమ్మ చేతిలోని చాట కింద పెట్టింది. "మల్ల అను."

అతను అనలేదు.

"నిన్ను బ్యాంకోళ్లు ఏ పేరు వెట్టి పిలిస్తె నాకేంది? నా బిడ్డకు మరిది పేరు రాపిస్తవా? రేపు బడిల పంతులు నీ తండ్రెవరే అంటె అది ఎవరని చెప్తది? ఊరోళ్లు నా మొఖం మీద ఊంచరా?"

పీర్ల పండక్కి భీవండి నుంచి వచ్చిన మైసయ్య మంచం మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకింకా పెండ్లి గాలేదు వదినె. నౌకరి ఇచ్చిండ్రు, బిడ్డనిచ్చిండ్రు, ఇగ భార్యనొక్కదాన్ని సూడుండ్రి."

"నువ్వు పండ్లికిలియ్యకు. తీరా ఆర్డరొచ్చిన్నాడు నా పేరు, నా నౌకరి అని దిగుతవేమో."

మైసయ్య నవ్వు ఆగిపోయింది. "నాకొద్దు వదినె. గా స్టూలు మీద అన్న కూసుంటె సూడాలె, గంతే. నా పేరు ఈడనే ఉంచుకోండ్రి. ఆడ కార్ఖానల నన్ను పేరు వెట్టి పిలిచెటోడు లేడు. మగ్గం నంబరు వెట్టి పిలుస్తరు."

బడి కాగితంలో తండ్రి పేరు కాటమయ్య అనే పడింది. శ్యామలమ్మ స్వయంగా పోయి, హెడ్మాస్టరు రాస్తుంటే పక్కన నిలబడి, చదివించుకుని మరీ వచ్చింది.

లిస్టు యాభై రెండుకు వచ్చింది. యాభై ఆరుకు వచ్చింది. తొంభై ఆరు ఏప్రిల్‌కు యాభై ఎనిమిది. ఇక నలుగురు. ఆ నలుగురి పేర్లూ రామచంద్రాన్ని అడిగి రాసుకొచ్చి, జేబులో పెట్టుకుని తిరిగేవాడు. వాళ్లకు తొందరగా నౌకర్లు రావాలని గుట్టమీది నర్సింహస్వామికి మొక్కాడు కూడా. ఊరూ మొఖమూ తెలియని నలుగురి కోసం అట్లా మొక్కినవాడిని నేను ఇంకొకడిని చూడలేదు.

అప్పుడు మిషన్లు వచ్చాయి.

కొత్త మేనేజరు గుంటూరు దిక్కు నుంచి వచ్చినవాడు. కాటమయ్యను పిలిచి కూర్చోమన్నాడు. కాటమయ్య కూర్చోలేదు.

"ముప్పై లెడ్జర్లలో పేర్లన్నీ ఈ కంప్యూటర్లోకి ఎక్కించాలయ్యా. మార్చి ముప్పై ఒకటి గడువు. నల్లగొండ నుంచి ఒక కుర్రాడొస్తాడు కొట్టడానికి. ఇన్నేళ్లు ఇంతమంది రాసిన రాతలు అతనికేం అర్థమవుతాయి? నువ్వు పక్కన కూర్చుని చదివిపెట్టు. పని పూర్తి కాగానే నీ గురించి పై ఆఫీసుకు నేనే రాస్తాను."

బోరింగు దగ్గర పుట్టిన ఆర్డరు ఈ మాటలో నుంచి పుట్టిందే. గోడ అవతల లాడ్లీ బేగం వినకుండా ఉండదు కదా.

మర్నాడు అద్దాల తలుపు బయట చెప్పులు విడిచి లోపలికి పోయిన కాటమయ్యకు మొదట చలి తగిలింది. తర్వాత స్టూలు కనిపించింది. గడియారం కింది నుంచి దాన్ని లోపలికి తెచ్చి, దాని మీద కరెంటు హెచ్చుతగ్గుల్ని ఆపే ఇనుప డబ్బా పెట్టారు. డబ్బా సన్నగా గుర్రుమంటోంది.

"స్టూలు..." అన్నాడు కాటమయ్య.

"బలంగా ఉందన్నా, కాళ్లు ఊగుతలేవు," అన్నాడు మిషను ముందు కూర్చున్న మనిషి.

అతని పేరు మక్సూద్. నల్లగొండ, బీకాం, ఇరవై ఏడేళ్లు. బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాశాడు. రెండోసారి పాసయ్యాడు కూడా, కాని ఆ ఏడు పోస్టులు తగ్గించామని కాగితం వచ్చింది. తర్వాత కంప్యూటరు నేర్చుకున్నాడు. ఇప్పుడు హైదరాబాదులో ఏదో కంపెనీ పంపితే వచ్చాడు. "నాకు బ్యాంకుతోటి సంబంధం లేదన్నా. పేర్లు కొట్టనీకి తెచ్చిండ్రు. పేర్లు ఒడిస్తె నేను గూడ ఒడిసినట్టె," అన్నాడు మొదటి రోజే, టీ తాగుతూ.

కాటమయ్య కింద చాప వేసుకుని, తువ్వాల చెవులకు చుట్టుకుని, లెడ్జరు ఒళ్లో పెట్టుకుని చదివేవాడు. మక్సూద్ కొట్టేవాడు.

"లాల్ బీ. భర్త ఇమాం."

"నిన్ననే కొట్టిన గదన్నా."

"నిన్న కొట్టింది డ్యాము ఇమాం. గీయన బట్టలు కుట్టే ఇమాం."

"ఇందుల డ్యాము, కుట్టుడు అని రాయనీకి జాగ లేదు."

"మరి ఎట్ల గుర్తువడతది?"

"నంబరు."

"లాల్ బీకి నంబరు తెల్వది గదా."

"నేర్చుకుంటదన్నా. అందరు నేర్చుకుంటరు."

సిరా అలుక్కుపోయిన పేర్లు, చెదలు కొట్టిన పేర్లు, ఒకే మనిషికి ఒక క్లర్కు ఒక రకంగా, ఇంకో క్లర్కు ఇంకో రకంగా రాసిన పేర్లు. కాటమయ్య కాగితం మీద కనపడనివి కూడా చెప్పేవాడు. ఈ గోపయ్య చనిపోయాడు, కొడుకు ఇంకా చెప్పలేదు. ఈ మల్లన్నలిద్దరూ ఒక్కడే, రెండో ఖాతా ఊరు మారాక తెరిచాడు. రెండు నెలలు అట్లా చెప్పాడు. ఒకనాడు మక్సూద్ చేతులు ఆపేశాడు.

"అన్నా, ఒక మాట చెప్తె ఏమనుకోవు గదా?"

"చెప్పు."

"అంత ఇడమర్చి చెప్పకు. పేజీల ఉన్నది సదువు, గంతే. నీకెరికైనయన్ని ఇందుట్లకు వోయినంక నిన్నెందుకు పిలుస్తరే?"

కాటమయ్య కొంచెంసేపు ఆ తెర వైపు చూశాడు. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. "పనిమంతుడని పిలుస్తరు," అన్నాడు. "మేనేజరు సారు రాస్తనన్నడు. నువ్వు కొట్టు."

చివరి లెడ్జరులో చివరి పేజీల దగ్గర అతని పేరే వచ్చింది. కాటమయ్య, తండ్రి మారయ్య. రెండు పేజీల తర్వాత మైసయ్య, తండ్రి మారయ్య.

"గీ కాటమయ్య నువ్వేనా?"

"నేనే."

"మైసయ్య?"

"ఆయన గూడ..." అని ఆగి, "కొట్టు," అన్నాడు.

మార్చి ఇరవై తొమ్మిదిన పని అయిపోయింది. మక్సూద్ సంచి భుజానికి వేసుకుని బస్టాండుకు పోతుంటే కాటమయ్య తోడు వెళ్లాడు. బస్సు ఎక్కుతూ మక్సూద్ అడిగాడు, "లిస్టుల నీ నంబరు ఎంతన్నా?"

"అర్వై మూడు."

"మంచిది. నీకు లిస్టన్న ఉన్నది," అన్నాడు మక్సూద్. బస్సు కదిలింది.

మేనేజరు మాట తప్పలేదు, నిజంగానే రాశాడు. ఏప్రిల్ పదో తారీఖుకు జవాబు కూడా వచ్చింది. కాటమయ్యను పిలిచి, తలుపు మూసి, చదివి వినిపించాడు. మార్చి ముప్పై ఒకటితో లిస్టు గడువు ముగిసింది. అరవై ఒకటో నంబరు దాకా తీసుకున్నారు. కంప్యూటర్లు పెట్టిన బ్రాంచీల్లో జవాను పోస్టులు నింపాల్సిన అవసరం లేదు. రోజుకూలి మనుషులను కూడా ఇక పెట్టుకోరాదు.

"నేను గట్టిగానే రాశానయ్యా. కావాలంటే కాపీ చూపిస్తాను."

"వద్దు సార్. రాసే ఉంటరు."

"రెండు నంబర్లలో పోయింది, చూశావా."

కాటమయ్య తల ఊపాడు. అతని చేయి చొక్కా జేబు మీద ఉంది. అందులో నలుగురి పేర్లు రాసిన కాగితం ఇంకా ఉంది. ముగ్గురికి మొక్కు ఫలించింది.

ఆ వారంలోనే లెడ్జర్లను గోనెసంచుల్లో కట్టి లారీలో నల్లగొండకు పంపారు. ముప్పై లెడ్జర్లూ కాటమయ్యే ఎక్కించాడు. మూడో లెడ్జరును మాత్రం కాసేపు చంకలో పెట్టుకుని నిలబడ్డాడని, లారీ డ్రైవరు హారను కొడితే గాని ఇవ్వలేదని ఇక్బాల్ బీ చెప్పింది. ఆ మాట నిజమే అయి ఉంటుంది.

తర్వాత అతను నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీలకు సరుకు ఎక్కించే పనికి కుదిరాడు. పొద్దున పోయే బస్సులో ఎడమ పక్క కిటికీ దగ్గరే కూర్చునేవాడు. బస్సు బ్యాంకు ముందర నుంచి పోయేటప్పుడు అద్దాల తలుపు వెనక స్టూలు కాళ్లు ఒక్క క్షణం కనిపిస్తాయి. ఆ సీటు దొరక్కపోతే తర్వాతి బస్సుకు పోయేవాడట. కూలి తగ్గుతుందని శ్యామలమ్మ తిడితే, "బస్సు నిండి ఉండె," అని చెప్పేవాడు. తొమ్మిదిన్నర అయిందంటే చాలు, ఎక్కడున్నా అతని చేతులు ఊరికే ఉండేవి కావు. బస్తా ఎత్తేవాడు, మళ్లీ దించేవాడు. చౌరస్తాలో తోటి హమాలీలు నవ్వుకునేవారు.

ఆషాఢంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మేనేజరు స్కూటరు కాటమయ్య ఇంటి ముందు ఆగింది. శ్యామలమ్మ అరుగు మీద పల్లీలు ఒలుస్తోంది. గడపలో అండాలు పదో తరగతి పుస్తకం ముందేసుకుని కృష్ణా నది పటం గీస్తోంది. కాటమయ్య మంచం మీద నుంచి దిగ్గున లేచి, దండెం మీది తెల్లచొక్కా అందుకున్నాడు.

మేనేజరు కూర్చోకుండానే చెప్పాడు. మిషన్లో లాల్ బీలు కలగలిసిపోయారు. ఇద్దరి మొగుళ్లూ ఇమాములే. ఎవరి నంబరు ఎవరిదో వాళ్లకూ తెలియదు, మిషనుకూ తెలియదు. నాలుగు రోజుల నుంచి ఇద్దరూ బ్యాంకు ముందర కూర్చుని ఏడుస్తున్నారు. ఇట్లాంటివి ఇంకో యాభై దాకా తేలాయి. కొత్తగా వచ్చిన క్లర్కులకు ఊళ్లో ఒక్క మొఖం తెలియదు.

"డ్యాము లాల్ బీది మూడో లెడ్జరు సార్, నూటపద్నాలుగో పేజీ," అన్నాడు కాటమయ్య. గుండీలు పెట్టుకోవడం అప్పటికే అయిపోయింది. "కుట్టు లాల్ బీది ఏడుల ఉంటది. నేనొస్త. ఇప్పుడు పోదామా?"

"రేపు రా. ఓ పది రోజులుండు. ఆ అద్దాల గదిలోనే కూర్చుందువుగాని."

కాటమయ్య ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను. మా గోడ పొట్టిది. అవతల జరిగేవన్నీ కనిపిస్తాయి, వినిపిస్తాయి.

"ఒక్కటే చిక్కు," అన్నాడు మేనేజరు. గొంతు తగ్గించాడు. "లిస్టులో వాళ్లు కొందరు కోర్టుకెక్కారు. పాత రోజుకూలీల పేర్లు ఇక ఏ వోచరు మీదా రాయొద్దని పై ఆఫీసు ఆర్డరు. నీ పేరు గాని మీ తమ్ముడి పేరు గాని కొడితే అక్కడ నల్లగొండలో తెలిసిపోతుంది. మీ నాన్నగారు ఎప్పుడో పోయారు. కొత్త పేరేదైనా కావాలయ్యా."

కాటమయ్య ఆలోచనలో పడ్డాడు. మేనేజరు చూపు గడప మీదికి పోయింది.

"మీ అమ్మాయా? ఏం పేరు? పేరు ఉంటే చాలు, అమ్మాయి రానక్కర్లేదు. సంతకం నువ్వే పెట్టేయొచ్చు."

అండాలు పెన్సిలు ఆపి తండ్రి వైపు చూసింది. కాటమయ్య కుడిచేతి వేలు తొడ మీద మెల్లగా కదులుతోంది, గుండ్రంగా ఒకసారి, కిందికి ఒకసారి. నాలుగో సంతకం ఎట్లా ఉండాలో వెతుక్కుంటోంది. అతని పెదవులు విడివడ్డాయి.

పల్లీల చాట కింద పెట్టిన చప్పుడయింది. శ్యామలమ్మ లేచి గడపకూ మేనేజరుకూ అడ్డంగా నిలబడింది.

"మూడు పేర్లు తీస్కున్నరు సార్. నా బిడ్డ పేరు ఇయ్య."